ఫేస్‌బుక్ ఖాతా మీ చేత్తో మీరే తెరవండి: కొత్తగా చేరే పెద్దవాళ్లకు మొదటి వారం పాఠం

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా కొత్త ఫోను కొనుక్కుంటే రెండు రోజుల్లో మా తలుపు తడతారు. "టీచరుగారూ, నాక్కూడా ఫేస్‌బుక్ పెట్టిపెట్టరూ" అని అడుగుతారు. నేను పెట్టను. పక్కన కూర్చుని వాళ్ల చేతే పెట్టిస్తాను.

దానికి కారణం ఉంది. నా మొదటి ఖాతా తెరిచింది నేను కాదు, సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే కుర్రాడు. ఏ నంబరుతో తెరిచాడో, ఏ పాస్‌వర్డ్ పెట్టాడో నాకు తెలియదు. కొన్ని నెలలకు ఆ ఫోను పాడై కొత్తది కొన్నాక ఖాతాలోకి వెళ్లే దారి లేకుండా పోయింది. అప్పటికే అందులో నా పాత విద్యార్థులు ఎందరో దొరికారు. వాళ్లు నాకు రాసిన మెసేజ్‌లన్నీ అక్కడే ఉండిపోయాయి. రెండోసారి నా చేత్తో నేనే తెరిచాను, ఒక్కో మెట్టూ నోటు పుస్తకంలో రాసుకుంటూ. ఈ పాఠం ఆ నోటు పుస్తకంలోదే.

ఇలాంటి సైట్లు ఇంకా ఉన్నాయి కదా, ఫేస్‌బుక్కే ఎందుకు అంటే, మన వయసు చుట్టాలు, స్నేహితులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. 2004లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల కోసం మొదలై, 2006లో పదమూడేళ్లు నిండిన ఎవరైనా చేరేలా తలుపులు తెరుచుకుంది. దాన్ని నడిపే కంపెనీ పేరు 2021 నుంచి మెటా. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కూడా ఆ కంపెనీవే. ఇంతకు మించి చరిత్ర మనకు అక్కర్లేదు.

అంతా ఒక్క రోజులో చేసెయ్యాలని చూడకండి. రోజుకు అరగంట, వారం రోజులు చాలు. ఒక మాట ముందే చెబుతున్నాను: ఫేస్‌బుక్ వాళ్లు మెనూలను అప్పుడప్పుడు అటూ ఇటూ మారుస్తుంటారు. నేను చెప్పిన చోట కనబడకపోతే కంగారు పడకండి. సెట్టింగ్స్ పేజీలో పైన వెతికే గడి ఉంటుంది, అందులో ఆ మాట కొడితే అదే చూపిస్తుంది.

మొదటి రోజు: ఖాతా తెరవడం

ముందు మీ సొంత ఫోను నంబరు ఉండాలి. అమెరికాలో ఉన్న అబ్బాయి నంబరుతో ఖాతా తెరిస్తే, కోడ్ వచ్చిన ప్రతిసారీ అక్కడ అర్ధరాత్రి వాణ్ణి లేపాలి. ఎప్పుడో రీచార్జి చేయడం మానేసే సిమ్ నంబరు కూడా వద్దు. సిమ్ ఆగిపోయాక కొన్నాళ్లకు అదే నంబరును కంపెనీ వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. అప్పుడు మీ ఖాతా కోడ్‌లు ఎవరి చేతికో వెళతాయి.

చాలా ఫోన్లలో ఫేస్‌బుక్ యాప్ ముందే ఉంటుంది. లేకపోతే ప్లే స్టోర్‌లో వెతికి, పేరు కింద చిన్న అక్షరాల్లో మెటా అని ఉన్నదే దించుకోండి. ఫోన్లో చోటు తక్కువగా ఉంటే ఫేస్‌బుక్ లైట్ అని చిన్న యాప్ ఉంది, అదీ వాళ్లదే. డబ్బేమీ కట్టక్కర్లేదు.

యాప్ తెరిచి 'క్రియేట్ న్యూ అకౌంట్' నొక్కితే వరసగా కొన్ని అడుగుతుంది: పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, ఫోను నంబరు, పాస్‌వర్డ్. చివర ఫోనుకు ఒక కోడ్ వస్తుంది, అది కొడితే ఖాతా తయారైనట్టే. పది నిమిషాల పనే గానీ, మూడు చోట్ల మాత్రం ఆగి ఆలోచించాలి.

మొదటిది పేరు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు ఉంటాయి. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది. మీ పేరు ఫస్ట్ నేమ్‌లో, ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లో రాస్తే సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే వెతికేవాళ్లకు తేలిగ్గా దొరుకుతారు. డాక్టర్, ప్రొఫెసర్ లాంటి బిరుదులు పేరులో ఒప్పుకోరు. స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఎందుకంటే ఒకసారి పేరు మార్చాక మళ్లీ 60 రోజుల దాకా మార్చనివ్వదు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట. బళ్లో, కాలేజీలో మనతో చదివినవాళ్లకు మన పుట్టింటి ఇంటిపేరే తెలుసు. అత్తవారింటి పేరుతో ఉంటే వాళ్లు ఎంత వెతికినా దొరకం. ఖాతా తెరిచాక ప్రొఫైల్‌లో, అంటే మీ సొంత పేజీలో, 'అబౌట్' అనే చోట అదనంగా ఇంకో పేరు చేర్చుకోవచ్చు. అక్కడ పుట్టింటి పేరు రాయండి. నాతో పదో తరగతి చదివిన ఇద్దరు నన్ను గుర్తుపట్టింది ఆ ఒక్క లైనుతోనే.

రెండోది పుట్టిన తేదీ. సరైనదే ఇవ్వండి. రేపు ఖాతా పోయి, మీదేనని నిరూపించుకోవాల్సి వస్తే గుర్తింపు కార్డు అడగొచ్చు, దానిలోని తేదీతో ఇది కలవాలి. అందరికీ కనిపిస్తుందని భయం వద్దు. తర్వాత అబౌట్‌లోకి వెళ్లి తేదీ, సంవత్సరం రెండూ విడివిడిగా దాచుకోవచ్చు. నేను సంవత్సరం దాచేసి, తేదీ మాత్రం స్నేహితులకు కనిపించేలా ఉంచాను.

మూడోది పాస్‌వర్డ్. పిల్లల పేరు, పెళ్లిరోజు, ఫోను నంబరు వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని మూడు నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో అంకెలు వేయండి. బ్యాంకు పాస్‌వర్డు ఇక్కడ వాడకండి. గుర్తుండదని టెన్షన్ అయితే నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. ఫోను కవరు వెనక చీటీ మాత్రం దోపకండి, ఫోను పోతే అదీ పోతుంది.

మధ్యలో ఎక్కడో 'మీ ఫోనులో ఉన్న నంబర్లను చూడనిస్తారా' అన్న అర్థంలో ఒక ప్రశ్న వస్తుంది. 'నాట్ నౌ' అనో 'డోంట్ అలౌ' అనో ఉంటుంది, అది నొక్కండి. మన ఫోన్లో గ్యాసు సిలిండరు తెచ్చే అబ్బాయి నంబరూ ఉంటుంది, డాక్టరుగారి నంబరూ ఉంటుంది. అవన్నీ అక్కడికి ఎక్కించాల్సిన అవసరం లేదు. కావాల్సినవాళ్లను మనమే వెతుక్కోవచ్చు.

ఖాతా తయారయ్యాక ఈమెయిల్ ఉంటే అదీ చేర్చండి. నంబరు పోయిన రోజున లోపలికి వెళ్లడానికి రెండో తాళంచెవి అదే.

రెండో రోజు: తాళాలు

అందరూ ఖాతా తెరవగానే మనుషుల్ని వెతకడం మొదలుపెడతారు. నేను రెండో రోజంతా తాళాలకే పెట్టిస్తాను. కొత్త ఇంట్లో దిగినప్పుడు ముందు గడియలు సరిగా పడుతున్నాయో లేదో చూసుకుని, తర్వాత కదా చుట్టాలను పిలుస్తాం.

ముందు మూడు బొమ్మలు గుర్తుపెట్టుకోండి. భూగోళం బొమ్మ ఉంటే, ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చని. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే, మీ స్నేహితుల జాబితాలో ఉన్నవాళ్లకు మాత్రమే. తాళం బొమ్మ ఉంటే, మీకు తప్ప ఇంకెవరికీ కనబడదు. మీరు రాసే ప్రతి మాట పక్కన, పెట్టే ప్రతి ఫొటో పక్కన ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉంటుంది. ఫేస్‌బుక్‌లో సగం చదువు ఈ బొమ్మలను చదవడమే. పోస్ట్ అనే బటన్ నొక్కే ముందు దీన్ని చూడటం అలవాటైతే మిగతా జాగ్రత్తలు చాలావరకు వాటంతటవే వస్తాయి.

ఇప్పుడు మెనూలోంచి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. చేయాల్సినవి ఇవి.

మీ పోస్టులు, అంటే మీరు పెట్టే రాతలు, ఫొటోలు, ఎవరికి కనిపించాలి అన్న చోట 'ఫ్రెండ్స్' పెట్టండి. ఇకపై రాసేవన్నీ స్నేహితులకే అన్న లెక్కతో మొదలవుతాయి.

మీ స్నేహితుల జాబితా ఎవరికి కనిపించాలి అన్న చోట 'ఓన్లీ మీ' పెట్టండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. మోసగాళ్లు మీ ఫొటో, మీ పేరు తీసుకుని అచ్చం మీలాంటి దొంగ ఖాతా తెరుస్తారు. ఆ తర్వాత వాళ్లకు కావాల్సింది మీ స్నేహితుల పేర్లు. అది దొరక్కపోతే డబ్బు ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు.

మీకు ఫ్రెండ్ రిక్వెస్ట్, అంటే స్నేహితుల్లో చేర్చుకోమనే కబురు, ఎవరు పంపొచ్చు అన్న చోట 'ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్స్' ఉంటుంది, అంటే మీ స్నేహితుల స్నేహితులు మాత్రమే. మొదట్లో మీకు స్నేహితులే ఉండరు కాబట్టి ఈ ఒక్కటి నెల తర్వాత మార్చండి. ఇప్పుడే మారిస్తే పాత క్లాస్‌మేట్లు కూడా రిక్వెస్ట్ పంపలేరు.

తర్వాత మీ ప్రొఫైల్ పేజీకి వెళ్లి మూడు చుక్కలు నొక్కితే 'లాక్ ప్రొఫైల్' కనిపిస్తుంది. ఇది 2020లో మన దేశంలోనే ముందుగా వచ్చింది, ముఖ్యంగా ఆడవాళ్ల భద్రత కోసం. దాన్ని వేస్తే స్నేహితులు కానివాళ్లు మీ పోస్టులు, ఆల్బమ్ ఫొటోలు చూడలేరు, ప్రొఫైల్ ఫొటోను పెద్దది చేసుకుని చూడలేరు. పాతవాళ్లు గుర్తుపట్టడానికి చిన్న ఫొటో ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి, లాక్ వేస్తే ఎవరికీ దొరకమేమో అన్న దిగులు అక్కర్లేదు.

ఆఖరిది 'టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్'. పేరు నోరు తిరగదు గానీ పని తేలిక. పాస్‌వర్డు ఎవరికైనా తెలిసిపోయినా, కొత్త ఫోనులోంచి లోపలికి రావాలంటే మీ ఫోనుకు వచ్చే కోడ్ కూడా కావాలి. సెట్టింగ్స్‌లో 'పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ' కింద ఉంటుంది. అదే చోట మీ ఖాతా ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో చూపిస్తుంది. నెలకోసారి అక్కడికి వెళ్లి చూసి, తెలియనిది ఉంటే లాగౌట్ చేసేయండి. కోడ్ మాత్రం ఎవరికీ చెప్పకండి. ఫేస్‌బుక్ నుంచి మాట్లాడుతున్నాం అని ఫోన్ చేసి అడిగినా చెప్పకండి.

మూడో రోజు: మనుషులు

మొదటి పదిమందిని మాత్రమే వెతకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, రోజూ ఫోన్లో మాట్లాడే ఒకరిద్దరు స్నేహితులు. పైన భూతద్దం బొమ్మ నొక్కి పేరు కొడితే ఆ పేరున్నవాళ్లందరూ వస్తారు. మన పేర్లున్నవాళ్లు వందల్లో ఉంటారు కాబట్టి ఊరు, ఫొటో, 'మ్యూచువల్ ఫ్రెండ్స్' అన్న లైను చూడండి. మీ అక్కయ్యా, మీ అబ్బాయీ ఇద్దరూ స్నేహితులుగా ఉన్న ఖాతా అయితే దాదాపు అసలుదే.

స్నేహితులు ఐదు వేల మంది దాకా ఉండొచ్చని ఫేస్‌బుక్ చెబుతుంది. నాకు 140 మంది ఉన్నారు. వాళ్లలో ఎవరు ఎదురుపడినా ఆగి పలకరించగలను. ఆ లెక్కే నాకు నచ్చింది.

రిక్వెస్టులు రావడం మొదలయ్యాక అసలు పరీక్ష. తెలిసిన పేరే కదా అని వెంటనే ఒప్పుకోకండి. ఆ మనిషి ఇప్పటికే మీ జాబితాలో ఉన్నాడేమో చూడండి. ఉన్న మనిషి నుంచే మళ్లీ రిక్వెస్ట్ వచ్చిందంటే ఫోన్ చేసి అడగండి, "అన్నయ్యా, కొత్త ఖాతా తెరిచావా?" అని. పదిలో తొమ్మిదిసార్లు "లేదమ్మా" అనే అంటారు. ఫొటో బదులు పువ్వో, దేవుడి బొమ్మో ఉండి, ఖాతా తెరిచి వారం కూడా కాని కొత్తవాళ్లను నేను ఒప్పుకోను. డిలీట్ నొక్కితే వాళ్లకు ఆ కబురేమీ వెళ్లదు, మొహమాటం అక్కర్లేదు.

ఆడవాళ్లకు మెసెంజర్‌లో, అంటే ఫేస్‌బుక్‌లో విడిగా మెసేజ్‌లు రాసుకునే చోట, "హాయ్ అండీ", "తిన్నారా అండీ" అని ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజ్‌లు వస్తాయి. మర్యాద కోసం కూడా జవాబివ్వకండి. స్నేహితులు కానివాళ్లు రాసినవి 'మెసేజ్ రిక్వెస్ట్స్' అనే వేరే గదిలోకి వెళతాయి. అక్కడ చదివినా, మీరు ఒప్పుకుంటే తప్ప చదివినట్టు వాళ్లకు తెలియదు. విసిగిస్తే బ్లాక్ చేయండి.

దగ్గరి బంధువే రోజుకు ముప్పై రాజకీయ పోస్టులు పెడుతుంటే? స్నేహితుల్లోంచి తీసేస్తే పెళ్లిళ్లలో ఎదురుపడినప్పుడు ఇబ్బంది. ఆ పోస్టు మీద మూడు చుక్కలు నొక్కితే 30 రోజులు కనపడకుండా చేసే 'స్నూజ్', మొత్తానికే ఆపే 'అన్‌ఫాలో' ఉంటాయి. స్నేహం అలాగే ఉంటుంది, పోస్టులు మాత్రం మీ ముందుకు రావు, ఆయనకు తెలియదు. మా ఇంట్లో రెండు ఎన్నికలు ప్రశాంతంగా గడిచింది దీనివల్లే.

నాలుగో రోజు: తెలుగులో రాయడం

ఈ రోజు పాఠం కొంచెం పెద్దది. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పినదాన్ని, దీన్ని తొందరగా దాటలేను.

ఎంతో చక్కగా ఉత్తరాలు రాసిన చేతులు, ఫోను పట్టుకోగానే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తున్నాయి. చదివేవాళ్లు 'పాట' అనుకోవాలో 'పట' అనుకోవాలో తెలియక కూడబలుక్కుంటున్నారు. తెలుగు కొట్టడం కష్టమని ఒక భయం అంతే. నేర్చుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీబోర్డ్ అనే కీబోర్డు ఉంటుంది. కీబోర్డు పైన పళ్ల చక్రం బొమ్మ నొక్కి, 'లాంగ్వేజెస్', తర్వాత 'యాడ్ కీబోర్డ్', అందులో తెలుగు ఎంచుకోండి. రెండు మూడు రకాలు చూపిస్తుంది. ఒకటి అచ్చులు, హల్లులు కనిపించే తెలుగు అక్షరాల పలక. ఇంకోటి ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో పడేది. బడిలో గుణింతాలు బాగా వచ్చినవాళ్లకు మొదటిది, ఆఫీసులో టైపు చేసినవాళ్లకు రెండోది తేలిక. రెండోదానిలో మీరు కొట్టిన మాటకు పైన వరసలో మూడు నాలుగు రూపాలు వస్తాయి. 'కల', 'కళ' రెండూ అక్కడే ఉంటాయి, మీక్కావాల్సినది మీరే వేలితో ఎంచుకోవాలి. కింద భూగోళం బొమ్మ గానీ, పొడవాటి స్పేస్ మీటను కాసేపు నొక్కిపట్టడం గానీ, రెండు భాషల మధ్య మారడానికి.

మూడో దారి మాట్లాడటం. కీబోర్డు తెలుగులో ఉండగా మైకు బొమ్మ నొక్కి, మామూలుగా, కాస్త నెమ్మదిగా మాట్లాడితే అదే రాసేస్తుంది. కళ్లు సరిగా ఆననివాళ్లకు, వేళ్లు వణికేవాళ్లకు ఇది వరం. మా కింది అంతస్తు మామ్మగారు ఇలాగే తన ఆవకాయ కొలతలు మొత్తం చెప్పి రాయించుకున్నారు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు అప్పుడప్పుడు తప్పు పడతాయి కాబట్టి పంపే ముందు ఒకసారి చదువుకోవాలి. టీవీ కట్టేసి మాట్లాడండి.

ఫేస్‌బుక్ మెనూలు కూడా తెలుగులోకి మార్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో భాష అన్న చోట ఉంటుంది. కానీ నా సలహా, మొదటి నెల ఇంగ్లీషులోనే ఉంచండి. పిల్లలు ఫోన్లో "ఆ సెట్టింగ్స్ నొక్కమ్మా" అని చెప్పే మాటలు ఇంగ్లీషువి, మీ తెర మీద వేరే మాటలు ఉంటే ఇద్దరికీ చికాకు. రాసేది తెలుగులో రాయండి, మెనూ ఏదైనా పర్లేదు.

ఐదో రోజు: మొదటి పోస్టు, మొదటి కామెంటు

ఇంటి బొమ్మ నొక్కితే పైన ఒక గడి కనిపిస్తుంది, మీ మనసులో ఏముంది అని అడుగుతుంది. దాన్ని నొక్కి రాయండి. మొదటి పోస్టుకు పెద్ద విషయం వెతుక్కోకండి. బాల్కనీలో పూసిన మందారమో, ఈ రోజు చేసిన గోంగూర పచ్చడో చాలు. ఫొటో చేర్చాలంటే కింద ఆకుపచ్చ రంగులో ఉన్న ఫొటో బొమ్మ నొక్కాలి. రాశాక, పేరు కింద ఉన్న బొమ్మ చూడండి. ఇద్దరు మనుషులా, భూగోళమా? చూశాకే పోస్ట్ నొక్కండి. తప్పు పడితే దిగులేం లేదు, మూడు చుక్కల్లో ఎడిట్ ఉంది. తీసేయాలన్నా అక్కడే. తీసేసినది 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

కామెంట్ల దగ్గరే చాలామంది పొరబడతారు. "నా ఖాతాకు లాక్ వేశాను కదా, నేను రాసిన కామెంటు బయటివాళ్లకు ఎలా కనిపించింది?" అని అడుగుతారు. మన తాళం మన ఇంటికే. ఇంకొకరి పోస్టు కింద మనం రాసే మాట, ఆ పోస్టును ఎవరు చూడగలరో వాళ్లందరికీ కనిపిస్తుంది. సినిమా నటుడి పేజీలో, వార్తా ఛానెల్ పేజీలో భూగోళం బొమ్మ ఉంటుంది. అక్కడ రాసేది రచ్చబండ మీద నిలబడి చెప్పినట్టే. చెల్లెలి పోస్టు కింద "మీ ఆయన షుగరు ఎలా ఉంది?" అని రాస్తే చెల్లెలి స్నేహితులందరూ చదువుతారు. అలాంటివి ఫోన్ చేసి అడగండి, లేదా మెసెంజర్‌లో రాయండి.

లైక్ బటన్‌ను కాసేపు నొక్కిపడితే ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, బాధ, కోపం బొమ్మలు వస్తాయి. ఎవరో పోయారన్న పోస్టుకు అలవాటుగా బొటనవేలు నొక్కడం వాళ్ల ఇంట్లోవాళ్లకు నొప్పిగా ఉంటుంది. బాధ బొమ్మ నొక్కి, రెండు మాటలు మీవి రాయండి. ఇంగ్లీషులో మూడక్షరాల 'ఆర్ఐపీ' (ఆత్మకు శాంతి కలగాలి) కన్నా "ఆయన చేతి మీదుగా నాకు మొదటి ఉద్యోగం వచ్చింది" లాంటి ఒక్క జ్ఞాపకం ఆ పిల్లలకు ఎంతో ఓదార్పు.

ఫొటోల విషయంలో నేను పాటించేవి చెబుతాను. మనవల ఫొటో పెట్టే ముందు కొడుకునూ కోడలినీ అడుగుతాను. స్నానం చేస్తున్నవి, ఒంటి మీద సరిగా బట్టలు లేనివి అస్సలు పెట్టను. బడి పేరు కనిపించే యూనిఫారం ఫొటో కూడా పెట్టను. ఆధార్, పాన్, పెన్షన్ కాగితం, రైలు టికెట్టు, విమానం బోర్డింగ్ పాస్, చెక్కు ఏదైనా ఫొటోలో పడిందేమో చూసుకుంటాను. తిరుమల వెళితే ఫొటోలు ఇంటికొచ్చాకే. కొండ మీద నుంచే పెడితే, ఇల్లు తాళం వేసి ఉందని మనమే చాటింపు వేసినట్టు.

ఇక షేర్ బటన్. ఏ జబ్బుకో వంటింటి మందు, ఎవరో పిల్లాడు తప్పిపోయాడన్న ఫొటో, ఫలానా తేదీ నుంచి కొత్త రూలు అన్న కబురు, ఇవి చూడగానే చెయ్యి దాని మీదకు పోతుంది. తప్పిపోయిన పిల్లాడు ఇల్లు చేరి ఏళ్లయినా ఆ ఫొటో తిరుగుతూనే ఉండొచ్చు. తేదీ లేని, ఊరు లేని, ఎవరు చెప్పారో లేని కబురును నేను పంచను. మనల్ని నమ్మి పదిమంది పాటిస్తారు కాబట్టి మందుల విషయంలో ఇంకా గట్టిగా ఉంటాను.

ఆరో రోజు: గ్రూపులు

నా వరకు ఫేస్‌బుక్ అంటే గ్రూపులే. మిద్దెతోటలు పెంచేవాళ్లవి, వంటలవి, పద్యాలూ కథలూ చదివేవాళ్లవి, పాత ఫొటోలవి, ఒకే బడిలో పదో తరగతి చదివిన బ్యాచ్‌లవి ఉన్నాయి. భూతద్దంలో తెలుగులో కొట్టి, వచ్చిన వాటిలో 'గ్రూప్స్' నొక్కండి. పబ్లిక్ గ్రూపులో మీరు రాసేది బయటివాళ్లూ చూడొచ్చు. ప్రైవేటులో సభ్యులకే. చేరేటప్పుడు రెండు మూడు ప్రశ్నలు అడిగే గ్రూపులు, నియమాలు రాసిపెట్టిన గ్రూపులు సాధారణంగా పద్ధతిగా నడుస్తాయి. చేరిన మొదటి వారం ఊరికే చదవండి, అక్కడివాళ్లు ఎలా మాట్లాడుకుంటారో తెలుస్తుంది. ఆ తర్వాత మొహమాటపడకుండా అడగండి. నా కుండీలో టమాటా ఆకులు ముడుచుకుపోతుంటే ఫొటో పెట్టాను. ఖమ్మం వైపు ఒక రైతు, ఆస్ట్రేలియాలో ఉన్న ఒకమ్మాయి గంటలోపే జవాబులిచ్చారు.

ఏడో రోజు: మోసాలు

భయపెట్టడానికి కాదు, ముఖాలు గుర్తుపట్టడానికి. వేషాలు కొన్నే, తిరిగి తిరిగి అవే వస్తాయి.

ఒకటి, దొంగ ఖాతా. నా తోటి మాస్టారు ఒకాయన ఫొటోతో నాకు మెసేజ్ వచ్చింది: ఆస్పత్రిలో ఉన్నాను, అర్జంటుగా 15 వేలు పంపండి, సాయంత్రం ఇచ్చేస్తాను అని. ఫోన్ చేస్తే ఆయన ఇంట్లో పేపరు చదువుకుంటున్నారు. అప్పటికే ఆయన స్నేహితుల్లో ఒకరు పంపేశారు. డబ్బు అడిగిన మెసేజ్ ఎవరిదైనా, గొంతు వినకుండా ఒక్క రూపాయి పంపొద్దు.

రెండు, సామాన్ల అమ్మకం. స్నేహితుడి పేరుతో ఉన్న ఖాతా నుంచి, "నా ఫ్రెండ్ సీఆర్‌పీఎఫ్ ఆఫీసరు, బదిలీ అయింది, సోఫా, ఫ్రిజ్, ఏసీ చవగ్గా ఇచ్చేస్తున్నాడు" అని వస్తుంది. యూనిఫారం ఫొటోలు, గుర్తింపు కార్డులు కూడా చూపిస్తారు. ముందు డబ్బు పంపమంటారు. సామాను రాదు.

మూడు, విదేశీ స్నేహం. డాక్టరుననో సైనికుడిననో చెప్పి నెలల తరబడి తీయగా మాట్లాడి, బహుమతి పార్సెల్ పంపాను, కస్టమ్స్ సుంకం కట్టి విడిపించుకో అంటారు. నాలుగు, తెలియనివాళ్ల వీడియో కాల్. ఎత్తగానే అసభ్యమైన దృశ్యం చూపించి, మీ ముఖంతో కలిపి రికార్డు చేసి బెదిరిస్తారు. ఈ వల మగవాళ్ల మీద ఎక్కువగా వేస్తారు, వాళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక మళ్లీ మళ్లీ కడతారు. అన్నయ్యలూ, తమ్ముళ్లూ, ఇందులో మీ తప్పేం లేదు. కట్టకండి, ఇంట్లో చెప్పండి, ఫిర్యాదు చేయండి.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఇది దేశమంతటికీ సైబర్ మోసాల నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో కూడా ఫిర్యాదు రాయొచ్చు. మెసేజ్‌లు చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. మీ పేరుతో దొంగ ఖాతా కనిపిస్తే, ఆ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి 'రిపోర్ట్'లో, వేరేవాళ్లలా నటిస్తున్నారు అన్న అర్థం వచ్చేది ఎంచుకోండి. మీ స్నేహితుల చేత కూడా రిపోర్ట్ చేయించండి. మీ ఖాతాలోకే ఎవరైనా చొరబడితే ఫేస్‌బుక్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అన్న పేజీ దారి చూపిస్తుంది.

ఇక మిగిలిన చిన్న పనులు

వీడియోలు వాటంతటవే ఆడకుండా సెట్టింగ్స్‌లో 'మీడియా' అన్న చోట ఆపేయండి, డేటా మిగులుతుంది. 'నోటిఫికేషన్స్'లో వ్యాఖ్యలు, మెసేజ్‌లు తప్ప మిగతావి ఆపేస్తే ఫోను ఊరికే మోగదు. 'స్పాన్సర్డ్' అని చిన్నగా రాసి ఉంటే అది ప్రకటన. నచ్చిన చీర ఉన్నా, ఆ అమ్మేవాళ్లు ఎవరో తెలియకపోతే ముందు డబ్బు కట్టే పద్ధతిలో కొనకండి. నేను ఫేస్‌బుక్‌ను పొద్దున కాఫీ తర్వాత అరగంట, రాత్రి అన్నం ముందు పావుగంట చూస్తాను. పడకగదిలోకి తీసుకెళ్లను.

కొన్నాళ్లు వద్దనిపిస్తే 'డీయాక్టివేట్' చేయండి, మళ్లీ లాగిన్ అయ్యేదాకా మీ ప్రొఫైల్ ఎవరికీ కనిపించదు, ఉన్నవన్నీ భద్రంగా ఉంటాయి. 'డిలీట్' అంటే మొత్తం పోవడం. అప్పుడు కూడా 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోపు లాగిన్ అయితే రద్దు చేసుకోవచ్చు.

ఆ పక్కనే 'మెమోరియలైజేషన్' అని ఒక సెట్టింగ్ ఉంది. మనం పోయాక మన ఖాతాను ఎవరు చూసుకోవాలో ముందే పేరు చెప్పి ఉంచొచ్చు. వాళ్లు మన మెసేజ్‌లు చదవలేరు, కానీ ప్రొఫైల్ ఫొటో మార్చగలరు, పైన ఒక పోస్టు ఉంచగలరు. అలా వద్దు, ఖాతా పూర్తిగా తీసేయాలి అని కూడా రాసి పెట్టొచ్చు. మా పిల్లల ముందు ఈ మాట ఎత్తితే మొదట కోప్పడ్డారు. తర్వాత మా అమ్మాయే పక్కన కూర్చుని తన పేరు ఎక్కించింది. ఆ సాయంత్రమే నా నోటు పుస్తకం ఏ బీరువాలో ఉంటుందో కూడా తనకు చూపించాను.